రాచకొండకు శనివారం చుట్టాలు

చూసిపోయేది పట్నం... ఏరుకునేది తండా

ఇబ్రహీంపట్నం :

శనివారం పొద్దు వాలే వేళకు మంచాల రోడ్డు మీద సందడి మొదలవుతుంది. వీపున నడుము దాకా దిగే సంచులు, నెత్తిన టోపీలు, కాళ్లకు లావుపాటి బూట్లు. కొందరు మోటారు సైకిళ్ల మీద, కొందరు కార్లలో. ఎవరి పెళ్లికో, ఏ జాతరకో కాదు ఈ పయనం. రాచకొండ గుట్ట ఎక్కి, గుడారం వేసుకుని, చుక్కల కింద ఒక రాత్రి పడుకుని, ఆదివారం సాయంత్రానికి మళ్లీ హైదరాబాదు చేరుకోవడానికి.

చేను దగ్గర మంచె మీద కావలి పడుకోవడం, గొర్ల మందతో అడవిలో రాత్రి గడపడం మన పల్లెల్లో బతుకుతెరువు. దానికోసం పట్నం వాళ్లు చేతి డబ్బు ఖర్చు పెట్టుకుని రావడం చూసి మొదట్లో నవ్వుకున్నవారు లేకపోలేదు. ఇప్పుడు ఆ నవ్వు పోయి ఒక ప్రశ్న మిగిలింది. ఈ రెండు రోజుల చుట్టాల వల్ల గుట్టకు, గుట్టను నమ్ముకున్నవారికి వచ్చేదేమిటి? పోయేదేమిటి?

గుట్ట వారిది, దారి మనది

రాచకొండ గ్రామం ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోది. 2016లో జిల్లాల విభజన తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలంలోకి వచ్చింది. అయితే హైదరాబాదు నుంచి వచ్చేవారిలో ఎక్కువమందికి దారి మన ఇబ్రహీంపట్నం గుండానే. పెద్దచెరువు కట్ట దాటి, మంచాల, ఆరుట్ల, తిప్పాయిగూడ మీదుగా పోతే పొలాలు సన్నగిల్లి, గుట్టలు దగ్గరపడి, రోడ్డుకు రెండు పక్కలా సీతాఫలం పొదలు కనిపిస్తాయి. అక్కడినుంచి అడవి.

ఔటర్ రింగు రోడ్డు పడ్డాక బొంగుళూరు గేటు దగ్గర దిగి ఇటు రావడం పట్నం వాళ్లకు మరీ సులువైంది. వెనుక ఒక రోజు ప్రయాణం అనుకున్నది ఇప్పుడు ఉదయం టీ తాగి బయలుదేరి, ఎండ ముదరకముందే గుట్ట కిందికి చేరేంత దగ్గరైంది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకైతే ఇది పెరటి గుట్టే.

వచ్చేవారంతా ఒక తీరు కాదు. పద్ధతిగా పదిమంది జట్టుగా వచ్చి, తెచ్చుకున్నది తిని, చెత్తంతా సంచిలో వేసుకుని తీసుకుపోయేవారున్నారు. కోట గోడల ఫోటోలు తీసుకుని, శాసనాల సంగతి ఆరా తీసేవారున్నారు. పిట్టలను చూడటానికి దుర్భిణులు మెడలో వేసుకుని తెల్లవారకముందే లేచేవారున్నారు. సీసాలతో వచ్చి, పాటలు పెద్దగా పెట్టి, పొద్దున లేచి చేతులు దులుపుకుని పోయేవారూ ఉన్నారు.

రాళ్లు చెప్పే కథ

ఈ గుట్టల రాయి మామూలు రాయి కాదు. హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ నల్లసేనపు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. హిమాలయాలు పుట్టింది దీని ముందు నిన్న మొన్నటి మాట.

ఆ రాళ్ల మీద రాజ్యం నిలిచింది మాత్రం ఆరేడు వందల ఏళ్ల కిందట. 1323లో ఓరుగల్లు పడిపోయి కాకతీయ రాజ్యం అంతరించాక, వారి కొలువులో ఉన్న నాయకులు ఎవరి బలం కొద్దీ వారు స్వతంత్రులయ్యారు. వారిలో రేచర్ల పద్మనాయకులు ముఖ్యులు. 14వ శతాబ్దంలో అనపోతానాయకుడు రాచకొండను రాజధానిగా చేసుకుని కోటను పటిష్ఠం చేశాడు. ఆయన తమ్ముడు మాదానాయకుడి వంశం దేవరకొండ నుంచి ఏలింది. రాచకొండ ఏలినవారిలో సింగభూపాలుడు సర్వజ్ఞుడని పేరుపొందినవాడు. సంస్కృతంలో 'రసార్ణవ సుధాకరం' అనే అలంకార గ్రంథం ఆయన పేర ఉన్నది. కత్తి పట్టిన చేతితోనే గంటం పట్టిన రాజు అన్నమాట. 15వ శతాబ్దంలో ఈ ప్రాంతం బహమనీ సుల్తానుల చేతికి పోయింది. తర్వాత రాజధాని కళ తప్పి, అడవి పెరిగి, కోట పశువుల కాపర్లకు మిగిలింది.

కోట గోడల్లో ఒక విశేషం ఉన్నది. పెద్ద పెద్ద బండలను ఒకదాని మీద ఒకటి పేర్చారు తప్ప సున్నం, గచ్చు వాడలేదు. ద్వారాలకు నిలువు కమ్ములు, పైన అడ్డు దూలం అన్నీ ఏకశిలలే. కాకతీయుల పద్ధతి అది. రాయి బరువే రాయిని పట్టి ఉంచుతుంది. కనుకనే ఇన్ని వందల ఏళ్లు నిలిచింది. కనుకనే ఒక్క రాయిని కదిపితే పక్క నాలుగు రాళ్లూ వదులవుతాయి. పొయ్యి పెట్టుకోవడానికని గోడలోని రాయిని లాగేవారు ఈ సంగతి తెలుసుకోవలసి ఉన్నది.

చెకుముకి నుంచి చుక్కల దాకా

రాత్రి గుట్ట మీద పడుకున్నవారికి కలిగే ఆనందం ఏమిటో పట్నంలో ఉన్నవారికే తెలుస్తుంది. అక్కడ దీపాల వెలుగుకు ఆకాశమే కనిపించదు. ఇక్కడ చలికాలపు రాత్రి గొల్లకావడి, పిల్లలకోడి స్పష్టంగా కనిపిస్తాయి. ఆ చుక్కలు ఎంత ఎత్తుకు వచ్చాయో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పగల గొర్లకాపర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. చేతి గడియారం చూడటం తప్ప తెలియని కాలేజీ పిల్లవాడికి ఆ కాపరి పక్కన కూర్చుంటే ఒక రాత్రిలో అబ్బే చదువు ఏ తరగతి గదిలోనూ దొరకదు.

తెల్లవారుజామున నెమలి కూత, రాళ్ల సందుల్లో ముళ్లపంది వదిలిపోయిన ముల్లు, అడవిపందులు తవ్విపోయిన గుంత, మోదుగు, రేల, తునికి చెట్లు. వీటిని పేరు పెట్టి చూపించేవారుంటేనే చూసినట్టు. లేకపోతే అంతా పచ్చగా కనిపించే పొదే. 'తాతా, కోట ఎటు పోవాలె?' అని అడిగి కాపరి చూపిన దారిన పోయేవారు క్షేమంగా చేరతారు. సెల్‌ఫోనులోని పటాన్ని నమ్ముకుని పోయేవారు గుట్ట వెనుకకు చేరి, సిగ్నలు పోయి, నీళ్లయిపోయి, చీకటి పడ్డాక టార్చీలు వేసి కేకలు పెడతారు. అప్పుడు వారిని వెతకడానికి పోవలసిందీ ఆ తండా వాళ్లే. ఆ రాత్రి నిద్ర పోయేదీ వాళ్లకే.

నిప్పు ఒకరిది, నష్టం మరొకరిది

చలికి మంట వేసుకోవడం సహజమే. కాని మంట ఎక్కడ, ఎప్పుడు అన్నది ముఖ్యం. సంక్రాంతి దాటితే గుట్టమీది గడ్డి ఎండి నిలువునా కాలడానికి సిద్ధంగా ఉంటుంది. పొద్దున పోతూ పోతూ బూడిద మీద రెండు చేతులు మట్టి చల్లితే ఆరిందనుకుంటారు. లోపల నిప్పు ఉంటుంది. మధ్యాహ్నపు గాలికి ఒక రవ్వ లేస్తే చాలు.

గుట్ట కాలితే మొదట పోయేది మేత. ఎండాకాలం గొడ్లకు, మేకలకు ఆ ఎండుగడ్డే ఆధారం. తర్వాత పోయేది సీతాఫలం. ఎండల్లో ఆకు రాల్చిన సీతాఫలం చెట్టు మళ్లీ చిగురించి పూతపడుతుంది. ఆ సమయంలో మంట తగిలితే ఆ ఏటికి కాపు లేనట్టే. వానాకాలం చివర నుంచి కార్తీకం దాకా తండా ఆడవాళ్లు తెల్లవారుజామునే అడవికి పోయి, పండ్లు కోసి, గంపలకెత్తి, రోడ్డు పక్కన, బజార్లలో అమ్ముతారు. పెట్టుబడి లేకుండా చేతికి వచ్చే పైకం అది. పిల్లల పుస్తకాలకు, పండుగ బట్టలకు అక్కరకు వచ్చేది. ఫిబ్రవరిలో ఎవరో వదిలిపోయిన నిప్పు అక్టోబరులో ఆ ఇంటి గంపను ఖాళీ చేస్తుంది. నిప్పు పెట్టినవారికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

రిజర్వు అడవిలో నిప్పు రగల్చడం నేరమని 1967 నాటి అటవీ చట్టం చెబుతున్నది. రాత్రి బసకూ అటవీశాఖ అనుమతి కావాలి. వచ్చేవారిలో ఈ సంగతి తెలియనివారే ఎక్కువ. చెప్పే బోర్డు కంటపడితే కదా తెలిసేది.

రాతి గోడకు ఆనించి మంట వేస్తే ఇంకొక నష్టం. గ్రానైటు వేడికి ఉబ్బి, చల్లారగానే పొరలు పొరలుగా పగులుతుంది. వెనుకటి రాళ్లు కొట్టేవారు బండను చీల్చడానికి నిప్పు పెట్టింది ఈ గుణం తెలిసే. వారు పనికోసం చేసినదాన్ని వీరు సరదాకు కోట గోడ మీద చేస్తున్నారు.

సీసా పగిలితే చాలు

ప్లాస్టిక్ సంచి, నీళ్ల సీసా, చిప్సు పొట్లం చూడటానికి చిన్నవే. ఉప్పు రుచి తగిలిన సంచిని ఆవు నమిలి మింగుతుంది. అది అరగదు, బయటకూ రాదు. కడుపులో ముద్ద కట్టి మేతకు చోటు లేకుండా చేస్తుంది. గొడ్డు మేత మానేసి, పొట్ట ఉబ్బి, ఎండిపోతుంది. కడుపు కోసి తీయించడమొక్కటే మార్గమని పశువైద్యులు అంటారు. ఆ ఆపరేషను దాకా తీసుకుపోగలవారు ఎందరు?

గాజు సీసా ఇంకా చెడ్డది. బండమీద పగిలిన సీసా ముక్కలు ఏళ్లు గడిచినా మొద్దుబారవు. మేక గిట్టల నడుమ దిగితే కుంటుతుంది, పుండు పడుతుంది, పురుగు చేరుతుంది. మందలో వెనుకబడిన మేక కుక్కల పాలవుతుంది. చెప్పులు లేకుండా సీతాఫలాలకు పోయే పిల్లల కాళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

ఇదిలా ఉండగా గుప్తనిధుల పిచ్చి వేరే ఉన్నది. రాజుల కోట అనగానే లంకెబిందెలు ఉంటాయన్న ఆశతో రాత్రివేళ గుళ్ల ముందు, మండపాల కింద తవ్వేవారు ఈ గుట్టలకు కొత్త కాదు. బస చేయడానికి వచ్చామని చెప్పి గడ్డపారలతో వచ్చేవారిని గుర్తుపట్టగలిగేది స్థానికులే. గుడారానికి నాలుగు మేకులు చాలు, గడ్డపార ఎందుకని అడిగేవారుంటే సగం తవ్వకాలు ఆగుతాయి.

కన్నుపడిన గుట్టలు

రాచకొండ మీద పెద్దల కన్ను పడటం ఇదే మొదలు కాదు. 2010 దశకం తొలి ఏళ్లలో సైన్యం ఫిరంగుల సాధనకు ఈ గుట్టలను ఇవ్వాలన్న ప్రతిపాదన మీద గట్టి చర్చ నడిచింది. పొలాలు, మేత, ఇళ్లు ఏమవుతాయని తండాలవారు ఎదురు నిలిచారు. 2014 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు హెలికాప్టరులో ఈ గుట్టలను చూసిపోయారు. ఫిల్మ్ సిటీ వస్తుందని, స్పోర్ట్స్ సిటీ వస్తుందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. 2016లో కొత్తగా ఏర్పడిన పోలీసు కమిషనరేటుకు రాచకొండ పేరు పెట్టారు. పేరు ఊరూరా తెలిసింది. సిటీలు మాత్రం మాటల్లోనే ఉండిపోయాయి.

పెద్ద పెద్ద పథకాలు వస్తాయో రావో కాని, వీపున సంచి వేసుకున్నవారు మాత్రం ఎవరి జీవోతో నిమిత్తం లేకుండా వస్తూనే ఉన్నారు. కనుక ఆలోచించవలసింది వారి గురించే.

అమెరికాలో ఎట్లా?

మన ప్రాంతం నుంచి చదువుకని అమెరికా పోయిన పిల్లలు అక్కడ సెలవు రోజుల్లో ఇదే పని చేస్తారు. స్టేట్ పార్కులని అక్కడ ఒక్కొక్క రాష్ట్ర ప్రభుత్వం అడవులను, చెరువులను, గుట్టలను కాపాడి జనానికి చూపిస్తుంది. 1872లో ఎల్లోస్టోన్‌ను దేశమంతటికీ చెందిన ఉద్యానవనంగా ప్రకటించినప్పటినుంచి ఆ దేశంలో ఈ ఆలోచన బలపడింది. పిల్లలకు గుడారాల బసను ఒక శిక్షణగా మార్చిన ఘనత స్కౌటు ఉద్యమం ప్రారంభించిన బేడెన్ పవెల్‌ది. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది దాకా పిల్లలతో ఆయన మొదటి శిబిరం నడిపాడు. మన బడుల్లోని స్కౌట్లు ఆ బాటలోని వారే.

అమెరికా పార్కుల్లో గుడారం ఎక్కడపడితే అక్కడ వేయడానికి వీల్లేదు. ముందే రుసుము కట్టి చోటు ఖాయం చేసుకోవాలి. చాలా చోట్ల ప్రతి చోటుకు నంబరు ఉంటుంది. మంట వేయడానికి ఇనుప కట్టు బిగించిన గుంత ఉంటుంది, దాని బయట అగ్గిపుల్ల గీస్తే జరిమానా. ఎండలు ముదిరినప్పుడు ఆ గుంతలో కూడా మంట వద్దంటారు. వంటచెరకు దూరం నుంచి తేరాదు. కట్టెలతోపాటు చెట్లను తినే పురుగు వస్తుందని భయం. ఎలుగుబంట్లు తిరిగే చోట అన్నం మూట గుడారంలో పెట్టుకోకూడదు, ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాలి. తెచ్చిన చెత్త తెచ్చినవాడే తీసుకుపోవాలి. చెప్పినా విననివారి కోసం రేంజరు తిరుగుతుంటాడు.

అక్కడ ఆ నియమాలకు చేతులు కట్టుకుని లోబడే మన పిల్లలే, సెలవులకు ఇంటికి వచ్చి స్నేహితులతో గుట్ట ఎక్కినప్పుడు సీసా విసిరేయడం కద్దు. మనిషి మారలేదు. అడిగేవాడు లేడు, అంతే తేడా.

ఊరు పూనుకుంటే

అడిగేవాడు ఎక్కడి నుంచో రానక్కరలేదు. 1992లో ఉమ్మడి రాష్ట్రంలో అడవుల రక్షణను ఊరివారితో కలిసి చేయాలని వన సంరక్షణ సమితుల పద్ధతి మొదలైంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిమీద హక్కులున్నవారికి, వారి గ్రామసభకు అడవిని, నీటివనరులను కాపాడుకునే అధికారం ఇచ్చింది. కాగితం మీద ఉన్న ఈ అధికారాన్ని గుట్ట కిందికి దింపుకోవడమే మిగిలింది.

పెద్ద ఖర్చు లేకుండా చేయదగినవి ఇవి. అటవీశాఖతో మాట్లాడి గుట్ట ఎక్కే చోట ఒక నాకా పెట్టవచ్చు. వచ్చినవారి పేర్లు, ఎంతమంది, ఎప్పుడు తిరిగివస్తారు అన్నది ఒక పుస్తకంలో రాస్తే దారి తప్పినవారిని వెతకడం సగం సులువవుతుంది. ఎక్కేటప్పుడు సంచిలోని సీసాలు, ప్లాస్టిక్ లెక్కపెట్టి కొంత పైకం బయానా తీసుకుని, దిగేటప్పుడు లెక్క సరిపోతే తిరిగి ఇవ్వవచ్చు. మాటలకు వినని చేయి బయానాకు వింటుంది.

జట్టుకు ఒక తండా మనిషి తోడు ఉండాలన్న నియమం పెడితే దారి చూపే యువకుడికి ఆ రోజు కూలి దొరుకుతుంది. కోట కథ, చెట్ల పేర్లు, చుక్కల పేర్లు చెప్పగలవాడైతే రెండు రూపాయలు ఎక్కువే దొరుకుతాయి. జొన్నరొట్టె, పచ్చిపులుసు, నాటుకోడి కూర తండాలోనే వండించి పెడితే పొట్లాల తిండి తగ్గుతుంది, దానితోపాటు చెత్తా తగ్గుతుంది. సీతాఫలాల కాలంలో గంప నేరుగా గుట్ట కిందే ఖాళీ అవుతుంది. దళారీ నడుమ ఉండడు.

వచ్చేవారు గుర్తుంచుకోవలసినవి

ఎండకాలం ఈ గుట్టలు ఎక్కడం మంచిది కాదు. బండ సెగకు వడదెబ్బ తగులుతుంది. దసరా నుంచి శివరాత్రి లోపు అనువైన కాలం. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్లు వెంట ఉండాలి. కోటలోని బావులు, గుంతల నీళ్లు మరగకాచనిదే తాగరాదు. వాన పడ్డ తర్వాత నాచు పట్టిన బండ జారుతుంది. కోనేటి మెట్లలో ఈతకు దిగడం ప్రాణాంతకం.

రాళ్ల గుట్ట అంటే పాముల ఇల్లు. రక్తపింజర, కట్లపాము, నాగుపాము మూడూ విషసర్పాలే. చీకట్లో టార్చి లేకుండా నడవరాదు, రాయి కింద చేయి పెట్టరాదు, నేలమీద పడుకునేవారు గుడారపు గొలుసు మూసుకోవాలి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం పనికిరావు. కాటు పడ్డ కాలు కదలకుండా ఉంచి 108కి కబురు చేసి, విషానికి విరుగుడు మందున్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. సిగ్నలు అందని గుట్టమీద ఆ కబురు మోసుకుని కిందికి పరుగెత్తగలిగేవాడు దారి తెలిసిన తండా పిల్లవాడే. తోడుమనిషి ఖర్చు దండుగ అనుకునేవారు ఆ ఒక్క గడియ గురించి ఆలోచించాలి.

చుట్టం ఇంటికి వస్తే కాళ్లకు నీళ్లిచ్చి కూర్చోబెట్టడం మన ఆచారం. చుట్టం కూడా తిన్న విస్తరి ఇంటి నడుమ వదిలి పోడు. రాచకొండకు వచ్చే శనివారం చుట్టాల నుంచి తండాలవారు కోరేది అంతకంటె ఎక్కువ ఏమీ కాదు. ఆదివారం సాయంత్రం వారు కారెక్కి పోయాక, సోమవారం పొద్దున మేకలను తోలుకుని గుట్ట ఎక్కే పిల్లవాడికి శుక్రవారం నాటి గుట్టే కనిపించాలి. ఆ మాత్రం చేయగలిగితే వచ్చేవారు ఎందరైనా రావచ్చు.